మతం గడిలో ఏం రాయించాలి?

2027 ఫిబ్రవరిలో జనాభా లెక్కలు జరగబోతున్నాయి. ఈసారి అన్ని కులాల లెక్కా తీస్తామని కేంద్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది మొదలు, ఏ కులం వాటా ఎంత తేలుతుంది, ఏ పార్టీకి ఎంత కలిసొస్తుంది అని టీవీల్లో పెద్దమనుషులు వేళ్లు మడిచి లెక్కలు వేస్తూనే ఉన్నారు. 1931 తర్వాత జరుగుతున్న పూర్తి కులగణన కాబట్టి ఆ మాత్రం హడావిడి సహజమే. అయితే ఆ చర్చల్లో వినబడని సంగతి ఒకటుంది. లెక్కలు రాసే మాస్టారు పగటిపూట గుమ్మం దగ్గరకు వచ్చినప్పుడు జవాబు చెప్పేది ఎవరు? మా కడియంలో మగవాళ్లు ఆ వేళకు నర్సరీల్లోనో, మొక్కల లోడు లారీ మీదో, రాజమండ్రిలో తాపీ పనిలోనో ఉంటారు. ఇంట్లో ఉన్న ఆడమనిషే అందరి పేర్లూ, వయసులూ, చదువులూ చెప్పాలి. వరసలో మతం గడి, కులం గడి వస్తాయి. ఆదివారం మందిరానికి వెళ్లే ఇంటి ఇల్లాలు ఆ రెండు గడుల దగ్గర కాసేపు ఆగుతుంది.

ఆ ఆగడాన్ని కొందరు భయం అనుకుంటారు, కొందరు మోసం అంటారు. అలాంటి ఇంటి గృహిణిగా నాకు మాత్రం అందులో రాజకీయం కనిపిస్తుంది. పత్రికల్లో 'క్రైస్తవ ఓటు' అని ఒక్క మాటలో తేల్చేసే ఆడవాళ్లు ప్రభుత్వాన్నీ చర్చినీ కుటుంబాన్నీ అంచనా వేయడం నేర్చుకున్నది ఆ రెండు గడుల మధ్యే.

ముందు అంకెలు చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971 లెక్కల ప్రకారం క్రైస్తవులు 4.19 శాతం. 1981కి 2.68, 1991కి 1.83, 2001కి 1.55, 2011కి 1.34 శాతం. అంకెలనే నమ్మితే నలభై ఏళ్లలో ఈ రాష్ట్రంలో క్రైస్తవం మూడింట రెండు వంతులు కరిగిపోయిందని అనుకోవాలి. అదే నలభై ఏళ్లలో గోదావరి జిల్లాల్లో ఎన్ని మందిరాలు లేచాయో, ఎన్ని ఉజ్జీవ సభలకు పందిళ్లు వేశారో చూసినవాళ్లెవరూ ఆ మాట నమ్మరు. జనం మందిరం మానేయలేదు, లెక్కల మాస్టారికి చెప్పే జవాబు మార్చుకున్నారు. ఎస్సీ హాస్టళ్లు, స్కాలర్‌షిప్పులు, ఇళ్ల స్థలాలు, కార్పొరేషన్ రుణాలు పల్లెల దాకా వచ్చిన కాలం అదే. వాటి కోసం తీసుకున్న సర్టిఫికెట్‌లో మతం ఎదురుగా 'హిందూ' అని ఉండి తీరాలి. సర్టిఫికెట్‌లో ఒకటి, జనాభా లెక్కల్లో ఇంకొకటి చెబితే ఏమవుతుందోనన్న బెంగతో రెండుచోట్లా ఒకటే చెప్పడం అలవాటైంది.

దీని మూలం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. అందులో మూడో పేరా ప్రకారం హిందూ మతం కాక వేరే మతం పాటించేవారెవరూ షెడ్యూల్డ్ కులాల వారు కారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు ఇచ్చారు. క్రైస్తవులకు, ముస్లింలకు ఇవ్వలేదు. మన రాష్ట్రంలో 1970లో వెనుకబడిన తరగతుల జాబితా తయారైనప్పుడు క్రైస్తవంలోకి వెళ్లిన ఎస్సీలను, వారి సంతానాన్ని బీసీ-సీ అని విడిగా పెట్టి ఒక శాతం కోటా ఇచ్చారు. ఎస్సీలకు ఉన్నది పదిహేను శాతం. పదిహేనుకూ ఒకటికీ మధ్య ఎటు వెళ్లాలో తేల్చుకోవాల్సిన తల్లికి వేదాంతం బోధించి లాభం లేదు. ఆమె ముందున్నది పిల్లాడి ఇంజనీరింగ్ సీటు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. 1977లో రాష్ట్ర ప్రభుత్వం ఒక జీవో ఇచ్చి, ఎస్సీలకు ఇచ్చే ఆర్థిక సాయాల్లో చట్టం ప్రకారం తప్పనిసరి కానివాటిని మతం మారినవారికీ వర్తింపజేసింది. అంటే రుణం విషయంలో నువ్వు మావాడివే, సీటు విషయంలో కాదు. ఏది ఎందులోకి వస్తుందో మండల ఆఫీసులో అడిగితే ఒక్కో గుమాస్తా ఒక్కో రకంగా చెబుతాడు. ఇవన్నీ గుర్తుపెట్టుకుని, ఏ కాగితం ఎక్కడ చూపించాలో, ఎక్కడ చూపించకూడదో ఎరిగి నడుపుకొచ్చేది ఇంట్లో ఆడమనిషే. మగాయనకు తన ఆధార్ కార్డు ఎక్కడుందో కూడా తెలియదు.

మా ప్రాంతంలో ఆడవాళ్లకు అక్షరానికీ మతానికీ ఉన్న లంకె పాతది. 1833 నాటి కరువు గోదావరి డెల్టాను తుడిచిపెట్టిన కొద్ది ఏళ్లకే, 1836లో, విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్లు భార్యలతో వచ్చి తర్వాత నర్సాపురంలో స్థిరపడ్డారు. 1847లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టాక మట్టి మోసే కూలీల మధ్య వాళ్లు బోధించారు. రాజమండ్రిలో లూథరన్ మిషన్ 1840ల నుంచే ఉంది. ఆనకట్టతో డెల్టాకు నీళ్లొచ్చాయి. భూమి మాత్రం ఎవరిది వారికే ఉండిపోయింది. మాలపల్లె, మాదిగపల్లెలకు దక్కినవి బడి, ఆసుపత్రి, ప్రార్థన. 'బైబిల్ స్త్రీలు' అనేవారు చిన్న జీతానికి ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు చదవడం నేర్పేవారు. మా పెద్దవాళ్లలో బడి ముఖం చూడని ఆడవాళ్లు కొందరు వేదపుస్తకం, కీర్తనల పుస్తకం మాత్రం చక్కగా చదివేసేవారు. ఆ చదువుతోనే పేపరు చదివారు, ఆ చదువుతోనే పట్టాదారు పాసు పుస్తకంలో తప్పులు పట్టారు. మతమార్పిడి మీద వాదించుకునే ఇరుపక్షాలూ బియ్యం బస్తాల గురించే మాట్లాడుకుంటాయి. ఈ చదువు సంగతి రెండు పక్షాలకూ పట్టదు.

కడియం గురించి బయటివాళ్లకు తెలిసింది నర్సరీలు. జాతీయ రహదారి పక్కన కడియపులంక దాకా కనుచూపు మేర మొక్కలు, పూల మార్కెట్టు. ఆ మొక్కల వెనక ఉన్న ఆడవాళ్లు సర్కారు లెక్కల్లో ఎక్కువగా గృహిణులే. పొద్దున వంట చేసి, ప్లాస్టిక్ కవర్లలో మట్టి నింపడానికి, అంట్లు కట్టడానికి, కలుపు తీయడానికి వెళ్తారు. ఇంటి దగ్గర ఉండిపోయేవాళ్లు పూలు తెప్పించుకుని దండలు కట్టి ఇస్తారు. పని గడిలో 'ఇంటిపని' అని పడిపోతుంది. అంటే మతం గడితో పాటు ఆ గడి కూడా సగం నిజమే చెబుతుంది, దాన్ని మాత్రం ఎవరూ మోసం అనరు.

కార్తీకమాసంలో శివాలయాలకు వెళ్లే బంతి, చామంతి దండల్లో చాలా భాగం క్రైస్తవుల చేతుల మీదుగా వెళ్తాయి. డిసెంబరులో క్రిస్మస్ చెట్లని అమ్మే కుండీ మొక్కలను పెంచి, నీళ్లు పోసి, లారీ ఎక్కించేవాళ్లలో హిందువులు ఉంటారు. దీన్ని మతసామరస్యం అని వర్ణించి మురిసిపోవడం నాకు రుచించదు. ఇది కూలి. కూలి దగ్గర కలిసి ఉన్నవాళ్లు కూలి గురించి కలిసి మాట్లాడుకుంటారు, అంతవరకూ మంచిదే. 2027లోనే గోదావరి పుష్కరాలు కూడా ఉన్నాయి. పూల ధర పెరుగుతుందా, కూలి పెరుగుతుందా అన్నది మా వీధిలో ఇప్పటి నుంచే నడుస్తున్న చర్చ. ధర పెరిగినంతగా కూలి పెరగదని పెద్దవాళ్లు అంటున్నారు. 2015 పుష్కరాల తొలిరోజు రాజమండ్రి ఘాట్‌లో తొక్కిసలాటలో చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లేనన్నది కూడా వాళ్లు మరచిపోలేదు.

ఇక కుటుంబం. మా ఇళ్లలో పిల్లల పేర్లు చూడండి: కరుణ, శాంతి, ప్రకాష్, ఆనంద్, జ్యోతి, కిరణ్. మందిరంలో పిలిచినా బాగుంటాయి, స్కూలు రిజిస్టరులో రాసినా ఎవరూ తలెత్తి చూడరు. మరీ భక్తి పొంగిన తండ్రి పౌలనో సొలొమోననో పెడతానంటే, పదో తరగతి సర్టిఫికెట్ గుర్తుచేసి ఆపేది తల్లే. పుట్టినరోజున ప్రార్థన పెట్టించేదీ ఆమే, వీఆర్వో గారు విచారణకు వస్తున్నారంటే గుమ్మం మీద వాక్యం రాసిన క్యాలెండర్ తీసి లోపల పెట్టేదీ ఆమే. ఈ పని ఏ తల్లీ సంతోషంగా చేయదు. పిల్లలు చూస్తూనే ఉంటారు. 'మరి మందిరంలో అబద్ధం ఆడకూడదన్నారు కదమ్మా' అని అడిగే వయసు వాళ్లకూ వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన బాధ్యత పార్లమెంటుకు లేదు, పాస్టరు గారికీ లేదు.

పెళ్లి దగ్గర చిక్కు ఇంకా ముదురుతుంది. పెళ్లి మందిరంలో జరుగుతుంది. పాస్టరు గారికి 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు ఉంటే అక్కడి రిజిస్టరులో ఎక్కాలి. ఎక్కితే ఇద్దరూ క్రైస్తవులని కాగితం మీద తేలిపోతుంది. అందుకని చాలామంది ఆ రిజిస్టరు జోలికి పోకుండా, ఉద్యోగానికో పాస్‌పోర్టుకో అవసరమైనప్పుడు హిందూ వివాహ చట్టం కింద రిజిస్ట్రేషన్ చేయించుకుంటారు. అంతా సవ్యంగా ఉన్నంతకాలం ఏమీ కాదు. తేడా వచ్చినప్పుడు మునిగేది భార్య. మన రాష్ట్రం నుంచే వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2008లో ఏం చెప్పిందంటే, హిందూ వివాహ చట్టం ఇద్దరు హిందువుల మధ్య పెళ్లికే వర్తిస్తుంది, ఒకరు క్రైస్తవులైతే గుళ్లో జరిగి రిజిస్టరైన పెళ్లి కూడా చెల్లదు. ఆ కేసులో పెళ్లి రద్దు కోరింది భార్యే. రేపు వదిలించుకోవాలనుకున్న భర్త ఇదే దారి పట్టడని ఎవరు హామీ ఇస్తారు?

ఆస్తి సంగతీ అంతే. భర్త వీలునామా లేకుండా చనిపోతే, 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం క్రైస్తవ భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు. పిల్లలున్నప్పుడు చనిపోయినవాడి తల్లికి అందులో వాటా లేదు. హిందూ వారసత్వ చట్టంలో భార్య, పిల్లలతో పాటు తల్లికీ సమాన భాగం వస్తుంది. అంటే కొడుకును పోగొట్టుకున్న అత్తగారికి వాటా ఉందా లేదా అన్నది ఆ ఇంట్లోవాళ్లు హిందువులా క్రైస్తవులా అన్నదాని మీద ఆధారపడుతుంది. కాగితం ఒకటి చెబుతోంది, సమాధి మీద సిలువ ఇంకొకటి చెబుతోంది. రెండు సెంట్ల స్థలం కోసం అత్తాకోడళ్లు కోర్టుకెక్కితే ఏ లాయరుకు ఏది అనుకూలమో అది బయటికి తీస్తాడు. జనాభా లెక్కలో 'హిందూ' అన్నప్పుడు ఇంత దూరం ఎవరూ ఆలోచించరు. ఎవరూ చెప్పరు కూడా. పార్టీలకూ చర్చిలకూ న్యాయవిభాగాలు ఉన్నాయి, మా వీధికి రాలేదు.

ఇక పార్టీల దగ్గరకు వద్దాం. ఈ రాష్ట్రంలో క్రైస్తవులంటే వైసీపీ ఓటు అని విశ్లేషకుల తీర్మానం. రాజశేఖరరెడ్డి గారి కుటుంబం క్రైస్తవ కుటుంబం కావడం దానికి ఆధారం. మరి 2019లో వైసీపీ 151 స్థానాలు గెలిచిన ఊపులో కూడా రాజమండ్రి రూరల్‌లో గెలిచింది తెలుగుదేశం. ఒకప్పటి కడియం నియోజకవర్గం పునర్విభజనలో కలిసిపోయింది ఆ రూరల్‌లోనే. గోరంట్ల బుచ్చయ్య చౌదరి గారు 2014, 2019, 2024 మూడుసార్లూ అక్కడే గెలిచారు. 2024లో రాజమండ్రి లోక్‌సభ స్థానం నుంచి బీజేపీ అభ్యర్థిగా పురందేశ్వరి గారు గెలిచారు. మందిరాలకు వెళ్లేవాళ్లంతా కట్టకట్టుకుని ఒకవైపే వేశారనుకోవడానికి ఈ ఫలితాలు పెద్దగా తోడ్పడవు. మందిరంలో ఒకే బెంచీ మీద కూర్చునే ఆడవాళ్ల మధ్య ఓటు విషయంలో ఉన్న తేడాలు నేను ఎరుగుదును. పింఛను నాలుగు వేలైందని ఒకరికి సంతోషం. అమ్మఒడి ఇంటికి ఒక్కరికే ఇచ్చారు, 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం ఎంతమంది పిల్లలుంటే అంతమందికీ ఇచ్చారని ఇంకొకరి లెక్క. వాలంటీరు ఇంటికొచ్చి పనిచేసిపెట్టేవాడు, ఇప్పుడు సచివాలయం చుట్టూ తిరగాల్సి వస్తోందని మరొకరి విసుగు. అదే ఏడాది ఆగస్టు 15 నుంచి ఉచిత బస్సు వచ్చాక రాజమండ్రి ఆసుపత్రికి వెళ్లడం తేలికైందని అందరూ ఒప్పుకుంటారు. ఇవన్నీ ఏ గృహిణి అయినా చేసే ఆలోచనలు. వీటికి మతం లేదు.

మతం పేరుతో మాకు ఇచ్చినవి వేరే ఉన్నాయి. చంద్రన్న క్రిస్మస్ కానుక ఇచ్చారు. యెరూషలేము యాత్రకు సాయం ఇచ్చారు, 2019లో దాన్ని నలభై వేల నుంచి అరవై వేలకు పెంచారు. పాస్టర్లకు నెలకు అయిదు వేల గౌరవ వేతనం పెట్టారు. ప్రతి డిసెంబరులో ముఖ్యమంత్రి ఎవరైనా కేకు కోస్తారు. సర్టిఫికెట్ సమస్య దగ్గరకు వచ్చేసరికి ఇచ్చింది తీర్మానం. 2009లో రాజశేఖరరెడ్డి గారి హయాంలో ఒకటి, 2023 మార్చిలో జగన్‌మోహన్‌రెడ్డి గారి హయాంలో ఒకటి, దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని శాసనసభ కోరింది. ఎస్సీ జాబితా మార్చే అధికారం రాజ్యాంగం 341వ అధికరణ ప్రకారం పార్లమెంటుదే. చేతిలో లేని దాని మీద తీర్మానం చేయడం ఏ ప్రభుత్వానికైనా తేలిక, ఖర్చు లేని పని. కేంద్రంలో ఎవరున్నా కమిషన్లతో కాలం గడిపారు. ఆ మూడో పేరా తీసేయమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. అప్పటి ప్రభుత్వం దాన్ని పక్కనపెట్టింది. 2022 అక్టోబరులో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేశారు. రెండేళ్ల గడువిచ్చి, తర్వాత పొడిగించారు.

ఈలోగా కోర్టులు బిగిస్తున్నాయి. నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునంటే అది రాజ్యాంగాన్ని వంచించడమేనని 2024 నవంబరులో పుదుచ్చేరి మహిళ కేసులో సుప్రీంకోర్టు అంది. 2025 ఏప్రిల్ 30న, అంటే కులగణన ప్రకటన వచ్చిన రోజే, మన హైకోర్టు ఒక పాస్టరు కేసులో ఇంకో అడుగు వేసింది. క్రైస్తవం పుచ్చుకున్నవాడు ఎస్సీ కాడు కాబట్టి సర్టిఫికెట్ చేతిలో ఉన్నా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు చేయలేడని చెప్పింది. రిజర్వేషన్ గురించి ఎన్నాళ్లయినా వాదించుకోవచ్చు, పదవి గురించి కూడా. 2019లో తాడికొండలో గెలిచిన ఉండవల్లి శ్రీదేవి గారి ఎస్సీ హోదా మీద ఫిర్యాదు వెళ్లి విచారణ జరిగినట్టు రేపు మా పంచాయతీలో ఎస్సీ మహిళా వార్డుకు నామినేషన్ వేసినామె మీదా జరగొచ్చు. కానీ ఒక ఆడమనిషిని కులం పేరుతో తిట్టి కొట్టినప్పుడు కొట్టినవాడు ఆదివారం ఆమె ఎక్కడికి వెళ్తుందో కనుక్కుని కొట్టడు. పొలం గట్టు మీద ఆమెను ఏమని పిలవాలో అతనికి తెలుసు. చట్టానికి మాత్రం ఆమె ఎవరో తెలియకుండా పోయింది.

ఎస్సీల్లో హిందువులుగా ఉన్నవారికి తమ వాటా తగ్గుతుందన్న భయం ఉంది. దాన్ని కొట్టిపారేయను. మిషన్ బళ్లలో ముందుగా చదువుకున్న కుటుంబాలు ఉద్యోగాల్లో ముందుండటం నిజమే. అయితే ఆంధ్రలో ఆ కుటుంబాల్లో చాలా భాగం కాగితం మీద ఎప్పటి నుంచో ఎస్సీల్లోనే ఉన్నాయి. 2025లో వర్గీకరణ చేసి రెల్లి తదితర కులాలకు 1, మాదిగలకు 6.5, మాలలకు 7.5 శాతం పంచినప్పుడు లెక్కలోకి వచ్చింది కూడా వారితో కలిపిన జనమే. కొత్తగా వచ్చిపడేవాళ్లు తక్కువ, ఉన్నవాళ్లకు నిజం చెప్పుకునే వీలు దొరకడమే ఎక్కువ.

వర్తమాన వార్తలు మా ఇళ్లలోకి ఎలా వస్తాయో చెప్పడానికి 2025 మార్చి చాలు. 24వ తేదీ రాత్రి ప్రవీణ్ పగడాల అనే క్రైస్తవ ప్రసంగీకుడు హైదరాబాదు నుంచి బుల్లెట్ మీద వస్తూ రాజమండ్రి శివార్లలో కొంతమూరు దగ్గర చనిపోయారు. మాకు పెద్ద దూరం కాదు. తెల్లవారేసరికి ప్రతి ఫోనులో ఒక తీర్పు ఉంది. హత్యేనని కొందరు, తగిన శాస్తి జరిగిందని మరికొందరు. పోస్టుమార్టం కాకముందే వీడియోల మీద ఎర్ర అక్షరాలు, బాణం గుర్తులు. ఏప్రిల్‌లో పోలీసులు సీసీ కెమెరా దృశ్యాలు పెట్టి రోడ్డు ప్రమాదమని ప్రకటించారు. నమ్మినవాళ్లు నమ్మారు, నమ్మనివాళ్లు నమ్మలేదు. ఆ మూడు వారాలూ స్త్రీల కూటాల్లో ముందు అడిగింది ఆయన భార్యాపిల్లల గురించి. తర్వాత మాట, మా మగపిల్లల ఫోన్లలో ఏముంది అన్నది. పద్దెనిమిదేళ్ల కుర్రాడు కోపంలో ఒక మాట పెడితే స్టేషన్‌కు వెళ్లి బతిమాలాల్సింది తల్లే. చేతిలో ఫోను లాక్కుని 'రేపు పరీక్ష ఉంది, పడుకో' అన్న తల్లులు ఆ రోజుల్లో ఊరి శాంతిభద్రతలకు చేసిన మేలు ఏ ప్రెస్‌మీట్‌లోనూ రాలేదు. 2023లో మణిపూర్‌లో ఆడవాళ్లను నగ్నంగా ఊరేగించిన వీడియో వచ్చినప్పుడు కూడా ఇదే చూశాను. కన్నీళ్లతో ప్రార్థన చేశారు, పిల్లలకు మాత్రం చూపించొద్దన్నారు.

ఇంకో సంగతి బయటివాళ్లకు వింతగా ఉంటుంది. మా కూటాల్లో ప్రార్థన అంశాల్లో దేశాధికారులు ఎప్పుడూ ఉంటారు. ప్రధానమంత్రి, ముఖ్యమంత్రి, కలెక్టరు, పేర్లతో సహా. ఓటు వేసిందీ లేనిదీ సంబంధం లేదు. ఎన్నికల్లో ఓడించాలనుకున్న మనిషికి ఆరోగ్యం, జ్ఞానం ఇమ్మని నోరారా అడగడం అలవాటైన ఆడవాళ్లకు టీవీ చర్చల్లోని పూనకం అంత తొందరగా ఎక్కదు. ఇది మా గొప్పతనమని చెప్పను, చిన్నప్పటి నుంచి మోకాళ్ల మీద పడిన అలవాటు.

గొప్పలు చెప్పుకోవడానికి చర్చి మాకు పెద్దగా సందివ్వలేదు కూడా. మందిరం నింపేది ఆడవాళ్లు, కానుక డబ్బాలో పడేవి ఎక్కువగా వాళ్ల పూల కూలి డబ్బులు, కమిటీలో కూర్చునేది మగవాళ్లు. 2013లో నంద్యాల డయోసిస్‌కు పుష్పలలిత గారు దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్ అయ్యారు. ఆ మార్పు మా వైపు చిన్న మందిరాల దాకా రాలేదు. ఇక్కడ ప్రసంగ పీఠం మీంచి కొందరు దైవజనులు 'సిగ్గుపడకుండా క్రైస్తవులమని రాయించండి' అని గర్జిస్తారు. వారి పిల్లల సర్టిఫికెట్లు ఏ కేటగిరీవో అడిగే ధైర్యం స్త్రీల కూటానికి ఇంకా రాలేదు. రాయించినందువల్ల పోయే సీటుకు సంఘం ఏమైనా చేస్తుందా అన్న ప్రశ్నకూ జవాబు లేదు. మాలల సంఘం, మాదిగల సంఘం వేర్వేరుగా కూర్చునే ఊళ్లున్న చోట, కులం పోయిందని కోర్టు అనడం, కులం లేదని పాస్టరు అనడం ఒకే రకంగా వినిపిస్తాయి.

ఇదే గోదావరి ఎగువన, రంపచోడవరం మన్యంలో కొండరెడ్డి స్త్రీ ఒకామె మందిరానికి వెళ్తుందనుకోండి. ఆమె ఎస్టీ హోదాకు మతంతో పనిలేదు. 1950 నాటి ఎస్టీ ఉత్తర్వులో మూడో పేరా లాంటిది లేదు. లెక్కల మాస్టారు వస్తే ఆమె తడుముకోకుండా క్రైస్తవురాలిననీ చెప్పగలదు, కొండరెడ్డిననీ చెప్పగలదు. దేశం ఏమీ మునిగిపోలేదు. కడియంలో ఉన్నామెకు ఆ పాటి వీలు ఇవ్వడానికి కొత్త సిద్ధాంతమేదీ కనిపెట్టనక్కర్లేదు.

పార్లమెంటు కదిలేదాకా కూడా చేయగలిగినవి కొన్నున్నాయి. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇంట్లో చెప్పిన జవాబులను ఎవరూ తనిఖీ చేయడానికి వీల్లేదు, సివిల్ కేసులో సాక్ష్యంగా పెట్టడానికీ వీల్లేదు. అంటే మతం గడిలో ఆమె చెప్పినదాన్ని తెచ్చి తహసీల్దారు సర్టిఫికెట్ రద్దు చేయలేరు. ఈ ఒక్క సంగతి తెలిస్తే మా పేటల్లో సగం బెంగ తీరుతుంది. ఈసారి ఫోనులో ఎవరి వివరాలు వాళ్లే నింపుకునే వీలు కూడా ఇస్తున్నారు. దానివల్ల చాలా ఇళ్లలో జవాబు చెప్పే పని ఆమె చేతిలోంచి కొడుకు చేతిలోకి, భర్త చేతిలోకి పోవచ్చు. అందుకని 15వ సెక్షన్‌ను తెలుగులో ఒక చిన్న కాగితం మీద అచ్చువేసి సచివాలయం గోడకూ, రేషన్ దుకాణం తలుపుకూ అంటించాలి. లెక్కలు రాసేవారికి ఇచ్చే శిక్షణలో, ఇంటామె మతం చెప్పగానే కులం గడి తమంతట తాము నింపేయకుండా ఆమె చెప్పిందే రాయమని గట్టిగా చెప్పాలి. బాలకృష్ణన్ కమిషన్‌కు అప్పగించిన పనుల్లో మతం మారాక వివక్ష ఏమైనా తగ్గిందా అని పరిశీలించడం ఒకటి. ఆ నివేదికను పార్లమెంటు ముందు పెట్టి, తెలుగులో కూడా అచ్చువేయాలి. బిషప్పులూ సంఘాల అధ్యక్షులూ ఢిల్లీలో ఇచ్చిన వినతిపత్రాలు అందులో ఎలాగూ ఉంటాయి. పూల దండలు కట్టే ఆడవాళ్లు చెప్పింది అందులో ఎన్ని పేజీలుందో చూడాలని ఉంది.